బోణీ చేసిన బ్యాంకు బాబాయిగారు

మా పక్కింటి బ్యాంకు బాబాయిగారు గత మంగళవారం పొద్దున్న చనిపోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను కొరియర్ ఆఫీసులో ఉన్నాను. మెల్‌బోర్న్ వెళ్ళాల్సిన పచ్చడి పార్సిల్ తూకం మీద ఉంది. "అక్కా, బాబాయిగారు ఇక లేరు. కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారంట, అంతే" అంది ఫోన్లో మా తోటికోడలు. నేను బరువు చూసుకుని, రసీదు తీసుకుని, అందులో అడ్రసు రెండోసారి చదివి, అప్పుడు బయటికొచ్చాను. ఏడుపు రాలేదు. రసీదు చదవకుండా వచ్చేస్తే ఆయనకే నచ్చేది కాదు.

ఆయన మాకు చుట్టం కాదు. నల్లపాడులో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే ప్రహరీ. గుంటూరులో ఒక బ్యాంకులో విదేశీ లావాదేవీల సెక్షన్లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పొగాకు, మిర్చి బయటి దేశాలకు పంపే షావుకార్ల కాగితాలు ఆయన చేతి మీదుగా వెళ్ళేవట. ఆ కథలేవీ చెప్పేవారు కాదు. కళ్ళజోడు ఎప్పుడూ మెడలో తాడుకి వేలాడుతుండేది. కరెంటు బిల్లు వెనక చిన్న అక్షరాల్లో ఉండే నిబంధనలు కూడా చదివే మనిషిని నేను ఆయన్నొక్కర్నే చూశాను. కడుపులో పుండు వల్ల కారం ముట్టేవారు కాదు. గుంటూరులో పుట్టి, పెరుగన్నంలోకి దోసకాయ ముక్క నంజుకునే మనిషిని చూసి మొదట్లో మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం.

మేమిద్దరం అంటే నేనూ, మా తోటికోడలూ. మాది పండుమిరపకాయ పచ్చడి వ్యాపారం. తోటల్లో పండుకాయ దొరికే ఆ రెండు నెలలే మాకు పని. అప్పుడు తొక్కి జాడీలకెత్తుకుంటే ఎత్తుకున్నట్టు, లేకపోతే మళ్ళీ ఏడాదే. మొదట బయటి దేశాల్లో ఉన్న చుట్టాలకు పంపాం. వాళ్ళ స్నేహితులు అడిగారు, ఆ స్నేహితుల స్నేహితులు అడిగారు. డబ్బులెలా పంపమంటారని అడిగితే "మీ ఇష్టం" అనేవాళ్ళం. "గుంటూరులో మా పిన్ని ఉందండీ, ఆవిడిస్తుంది" అంది డాలస్ నుంచి ఒకమ్మాయి. ఆ పిన్ని బ్రాడీపేట నుంచి ఆటోలో వచ్చి, కాఫీ తాగి, మా పుట్టింటి సంగతులన్నీ కనుక్కుని, ఎంతివ్వాలో అమ్మాయి చెప్పలేదంటూ వట్టి చేతులతో లేచింది. పోతూ పోతూ తనకూ ఒక సీసా పట్టుకెళ్ళింది. ప్రహరీ అవతల మొక్కలకు నీళ్ళు పోస్తూ బాబాయిగారు అంతా విన్నారు.

"అమ్మాయ్, ఇది వ్యాపారమా, పేరంటమా?" అన్నారు.

ఆ సాయంత్రమే వాళ్ళ వరండాలో మా చదువు మొదలైంది. అచ్చు చెడిపోయిన సీసాల లేబుళ్ళు తెమ్మని, వాటి వెనక రాసి చూపించారు. ఏ పద్ధతిలో ఖర్చు తక్కువండీ అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "డబ్బు ఎలా వస్తుందో అందరూ అడుగుతారు. తేడా వస్తే ఎలా వెనక్కి వెళ్తుందో అడుగు. సీసా పగిలిందనుకో, ఆ పిల్లకి డబ్బు నువ్వెలా తిరిగిస్తావు? పిన్నిని మళ్ళీ ఆటోలో పిలిపిస్తావా?"

ఆయన తేల్చింది ఇదీ. కిలో, రెండు కిలోలు కొనేవాళ్ళు ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీ ద్వారా కార్డుతో కట్టాలి. కంపెనీ కొంత కోసుకుంటుంది, డబ్బు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది, కానీ ఇద్దరికీ భద్రం. అంత చిన్న మొత్తం బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపితే మధ్యలో ఛార్జీలకే సగం సీసా పోతుంది. కొట్లవాళ్ళు పెద్ద ఆర్డరు ఇస్తే మాత్రం నేరుగా బ్యాంకుకే పంపాలి, సగం ముందే. రెండు దార్లూ ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఇంకొకటి కూడా చెప్పారు. "పది నెలలు పడుకుని రెండు నెలలు పరిగెత్తే ఖాతాని చూస్తే ఆ కంపెనీవాళ్ళకు అనుమానం వస్తుంది. మనది సీజన్ వ్యాపారమని ముందే ఒక ఉత్తరం రాసి పడెయ్." రాస్తానన్నాను. రాయలేదు.

రెండో ఏడాది సీజన్ మొదలుపెట్టిన రోజు మంచి ముహూర్తం చూసుకున్నాం. మా తోటికోడలి చెయ్యి మంచిదని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆ అమ్మాయి చేత, వాళ్ళాయన కార్డుతో, మా పేజీలోనే ఒక సీసా కొనిపించాను. బోణీ అన్నమాట. కార్డూ మా ఇంటిదే, ఫోనూ మా ఇంటిదే, అడ్రసూ మా ఇంటిదే. వారం తిరక్కుండా నాలుగు దేశాల నుంచి ఆర్డర్లు పడ్డాయి. ఆ అమ్మాయి చేతి మహిమే అనుకుంటుండగా చెల్లింపుల కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఖాతా పరిశీలనలో ఉంది, అంతవరకు పైసా విడుదల చేయం అని.

ప్రత్తిపాడు వైపు రైతు అప్పటికే కోతకు మనుషుల్ని పెట్టాడు. డబ్బు చేతిలో పెడితేనే కాయ ఇస్తాడు. కోసిన పండుకాయ ఎన్నాళ్ళో ఆగదు. సీసాలు కొనడానికి మా తోటికోడలి గాజులు తాకట్టులో ఉన్నాయి. కట్టినవాళ్ళేమో పచ్చడి ఎప్పుడని అడుగుతున్నారు. ఆ ఏడాది కాయ పోతే డబ్బే కాదు, మమ్మల్ని నమ్మినవాళ్ళూ పోతారు. ఫోను పట్టుకుని బాబాయిగారి దగ్గరికి పరిగెత్తాను.

"ఎవరీ మొదటి కస్టమరు? మీ ఇంటి అడ్రసే ఉందే?" అన్నారు.

"బోణీ చేయించానండీ."

ఆయన కళ్ళజోడు తీసేశారు. "మీ డబ్బు మీరే మీకు పంపుకుని దాన్ని అమ్మకం అన్నారా? దొంగ కార్డులవాళ్ళు చేసే పని కూడా అదేనమ్మా. వాళ్ళకి బోణీ అంటే ఏం తెలుసు?"

తిడతారనుకున్నాను. తిట్టలేదు. ముందు ఆ బోణీ డబ్బు వెనక్కి పంపించారు. తర్వాత కంపెనీకి తనే ఉత్తరం రాశారు. బోణీ అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి ఆయనకు ముప్పావుగంట పట్టింది. కస్టమర్లకు మంచు వల్ల కాయ ఆలస్యమైందని చెబుదామా అని అడిగాను.

"వద్దు. డబ్బు ఆగిందని చెప్పు. వెనక్కి కావాలన్నవాళ్ళకి ఇచ్చేస్తామని చెప్పు. నిజం ఒకసారి రాస్తే చాలు, అబద్ధమైతే రోజూ రాయాలి."

రాశాను. కొందరు వెనక్కి అడిగారు, ఇచ్చేశాం. ఎక్కువమంది ఆగారు. ఈలోగా సిడ్నీలో కొట్టు నడిపే ఆయన పెద్ద ఆర్డరుకి సగం సొమ్ము బ్యాంకు దారిన పంపాడు. బాబాయిగారు పట్టుబట్టి తెరిపించిన ఆ రెండో దారి లేకపోతే ఆ ఏడాది మేము కాయ ముఖం చూసేవాళ్ళం కాదు. పదో రోజున ఆగిన డబ్బు కూడా వదిలారు. గాజులు ఇంటికొచ్చాయి. ఆయనకు బట్టలు పెట్టబోతే, "పాడైపోయిన లేబుళ్ళుంటే ఇవ్వండి, రాసుకోడానికి బాగుంటాయి" అన్నారు.

మరుసటి ఏడాది ముహూర్తానికి మా తోటికోడలు అలవాటుగా ఫోను తీసింది. ఇంతలో గేటు చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని బాబాయిగారు వచ్చారు. "ఆ ఫోను పక్కన పెట్టండి" అని, నోటు తీసి నా చేతిలో పెట్టారు. "ఒక అరకిలో సీసా. బిల్లు కూడా ఇవ్వు."

"మీరు కారం తినరుగా బాబాయిగారూ?"

"కొన్నవాడు తింటాడో లేదో నీకెందుకు? సరుకిచ్చావు, డబ్బు తీసుకున్నావు. ఇదీ బోణీ అంటే."

అప్పట్నుంచి నాలుగేళ్ళు మా బోణీ ఆయనదే. ధర తగ్గిస్తే ఒప్పుకునేవారు కాదు. సీసాని బిల్లుతో సహా జాగ్రత్తగా పట్టుకుని ప్రహరీ పక్కనుంచి నడిచి వెళ్ళిపోయేవారు. ఈ ఏడాది కూడా వచ్చారు, మెట్టెక్కడానికి మాత్రం మా తోటికోడలి భుజం పట్టుకున్నారు. ఆ సీసాలు ఆయన భార్య పిన్నిగారు తింటారనో, ఎవరికైనా ఇస్తారనో మేము అనుకునేవాళ్ళం.

నిన్న పిన్నిగారిని చూడ్డానికి వెళ్ళాను. కాసేపు కూర్చున్నాక ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి పై అలమర తెరిచారు. నాలుగు సీసాలూ వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద దాని బిల్లు మడతపెట్టి ఉంది.

"కొన్న రోజున ఒక్క చెంచా అన్నంలో కలుపుకుని తినేవారమ్మా, వద్దంటే వినేవారు కాదు. తర్వాత రెండ్రోజులు మజ్జిగ మీదే. 'రుచి చూడకుండా దాచేస్తే ఉత్తుత్తి బోణీ అవుతుందే, ఆ పిల్లలకి అచ్చిరాదు' అనేవారు" అన్నారు పిన్నిగారు.

అప్పుడు ఏడ్చాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, పక్కకి తిరిగి స్టవ్ మీద పాలు దించారు. నేను సీసాలనే చూస్తున్నాను. నాలుగింటిలోనూ పచ్చడి అంచుదాకా ఉంది, ప్రతిదాంట్లోనూ పైన చెంచా దిగిన చోట చిన్న గుంట, ఆ గుంటలో నూనె తేరి ఉంది.