ఆదివారం మేనేజరు

కుప్పం దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో నేను సూపర్‌వైజరుగా పనిచేసేవాణ్ణి. ఇల్లు పుంగనూరులో. శనివారం సాయంత్రం పని ముగించి, వి.కోట, పలమనేరు మీదుగా బస్సులు మారి ఇల్లు చేరేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో దూరవిద్యలో ఎంబీఏకి చేరాను. క్లాసులు ఆదివారాలు మదనపల్లెలో. ఇంటికొచ్చిన మరునాడు పొద్దున్నే మళ్లీ బస్సెక్కాలి.

"వారానికి ఒకరోజు ఇంట్లో ఉండేది. అది గూడా ఆ సదువుకే పెడితే ఎట్ల?" అనేది నా భార్య.

మేనేజరునైతే కుప్పం వదిలి రావచ్చని ఆమెకు నచ్చజెప్పేవాణ్ణి.

క్లాసులో మా సారు జిరాక్సు కాగితాలు పంచేవాడు. ఒక్కో ఆదివారం ఒక్కో కంపెనీ కథ. ఎక్కడిదో బిస్కెట్ల కంపెనీ, ఎక్కడిదో టైర్ల కంపెనీ. అన్నీ సరిగ్గా చిక్కుముడి పడిన చోట ఆగిపోయేవి. కింద ఒకే ప్రశ్న: మీరే మేనేజరైతే ఏ నిర్ణయం తీసుకుంటారు?

"జవాబు కోసం తొందరపడొద్దండి. అసలు సమస్య ఏది, మన ముందు ఎన్ని దారులున్నాయి, ఏ దారిలో పోతే ఎవరికి నష్టం, ముందు అది ఆలోచించండి" అనేవాడు సారు.

నాకది ఎంతో నచ్చింది. పక్క బెంచీలో కూర్చునే బ్యాంకు ఉద్యోగిని ఒకామెతో గంటసేపైనా వాదించేవాణ్ణి. ఆదివారం టైర్ల కంపెనీని నిలబెట్టి, సోమవారం కుప్పంలో దిగితే, కాలిపోయిన ఫ్యాను మార్చడానికి కూడా ఓనరును అడగాలి. ఆయన చెడ్డవాడు కాదు. క్వారీలో రాళ్లు కొట్టే పనినుంచి పైకొచ్చినవాడు. కానీ దేనికైనా ఆయనది ఒకటే మాట: "నన్నడిగి సెయ్యప్పా."

ఒకసారి ఆయన బంధువుల పెళ్లికని కోయంబత్తూరు పోయాడు. ఆయన అటు పోగానే క్వారీనుంచి ఒక రాతి దిమ్మ వచ్చింది. చెన్నై ఏజెంటుకు పంపాల్సిన పలకలు దాంట్లోనే కోయాలి. నీళ్లు పోసి కడిగితే ఒక మూలనుంచి లోపలికి సన్నటి నెర్ర కనబడింది. కోస్తే నిలుస్తుందో, మధ్యలో విరుగుతుందో తెలియదు. ఓనరుకు ఫోన్ చేస్తే కలవలేదు. మధ్యాహ్నం దాకా చేస్తూనే ఉన్నాను. అటు ఏజెంటు, లారీ ఎప్పుడు బయలుదేరుతుందని అడుగుతున్నాడు.

సారు చెప్పినట్టే ఆలోచించాను. కోసి, విరిగితే రాయీ పోతుంది, గడువూ పోతుంది. ఆపితే గడువొక్కటే జరుగుతుంది. కోత ఆపించి ఏజెంటుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వేరే దిమ్మ తెప్పించి పంపుతాం, కొంచెం ఆలస్యమవుతుందన్నాను. ఆయన కాస్త గొణిగినా సరేనన్నాడు. ఆ సాయంత్రం నాకు టీ కూడా రుచిగా అనిపించింది.

ఓనరు వచ్చీ రాగానే నన్ను గదిలోకి పిలిచాడు.

"రాయి బాగలేదని ఏజెంటుకు ఎవురు సెప్పమన్నారప్పా?"

"మీకు ఫోన్ కలవలేదు సార్. లోపల నెర్ర ఉండాది. కోస్తే విరుగుతాదేమో అని..."

"విరిగిందా?"

"కోయలేదు సార్."

"కోయకుండానే విరుగుతాదని యాల అనుకున్యావు? నేను వచ్చేదాకా ఆగలేకపోతివా?"

ఆగడం కూడా ఒక నిర్ణయమేనని, దానివల్లా నష్టముంటుందని చెప్పబోయాను. ఆయన అప్పటికే బయటికి నడిచి, ఆ దిమ్మనే మిషనెక్కించమన్నాడు. కోత అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. పలకలన్నీ నిక్షేపంగా వచ్చాయి.

"సూడప్పా" అన్నాడు, అంతే.

విరగనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రాయి నిలిచింది గనక నా ఆలోచన తప్పయిపోతుందా? విరిగుంటే ఒప్పయ్యేదా?

ఆ ఆదివారం క్లాసులో ఇదంతా చెప్పాను. సారుకు ఉత్సాహం వచ్చింది. దాన్నే కేసుగా తీసుకుని చర్చించమన్నాడు. సగంమంది నావైపు మాట్లాడారు. బ్యాంకు ఉద్యోగిని మాత్రం, "మీకు ఆ అధికారం ఎవరైనా ఇచ్చినారా అన్నా?" అని అడిగింది. ఎవరూ ఇవ్వలేదని ఒప్పుకున్నాను.

"మీరు ఆలోచించిన పద్ధతి బాగుంది" అన్నాడు సారు చివరికి.

"బాగుంది సార్. రేపు మా ఓనరు ముందుకు పోయి ఏం చెయ్యమంటారు?"

"అది మీరే చూసుకోవాలండి" అని సారు తరువాతి కాగితాలు పంచాడు. అదొక సబ్బుల కంపెనీ కథ.

పరీక్షలు పాసయ్యాను. ఓనరే అందరికీ మైసూర్‌పాకు పంచి, నా పేరు కింద మేనేజరని అచ్చేసిన కార్డులు ఇచ్చాడు. ఆ వారంలోనే మిషన్ బెల్టు తెగితే కొత్తది తెప్పించాను. నన్నెందుకు అడగలేదని అందరి ముందూ అరిచాడు. అప్పటినుంచి ఎవరేం అడిగినా, "ఓనరును అడిగి చెప్తా" అనడం అలవాటు చేసుకున్నాను. ఆ మాట అన్న ప్రతిసారీ ఒళ్లు మండేది.

తరువాత ఆ పని మానేసి పుంగనూరులోనే ఒక ట్రాక్టర్ల షోరూంలో మేనేజరుగా చేరాను. మొదటి రోజే అక్కడి ఓనరు కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, ఏదైనా సరే తనకు చెప్పకుండా చేయొద్దన్నాడు. సరేనన్నాను. ఇంటికి నడిచిపోయే దూరమన్నది ఒక్కటే తేడా.