లైటు రూములో మూడో రోజు

ఉద్యోగ విరమణకు ఇంకా ఆరేళ్లున్నాయనగా, ఒక ఆగస్టు నెల మొదటి సోమవారం నాడు, శ్రీరాంపూర్ వైపున్న ఒక భూగర్భ గనికి సంక్షేమాధికారిగా బదిలీ మీద వెళ్లి చేరాను. ఆ హోదా బయటివాళ్లకు పెద్దదిగా వినిపిస్తుంది. నిజానికి మేనేజరుకు చాలా కింద, గుమాస్తాలకు కొంచెం పైన. క్వార్టరు కురిసినా, క్యాంటీన్ పప్పులో నీళ్లెక్కువైనా, నాగాలు పెరిగి ఎవరికైనా చార్జిషీటు వచ్చినా ముందుగా వచ్చి నిలబడేది మా బల్ల ముందే. ఇచ్చే అధికారం తక్కువ, వినే బాధ్యత ఎక్కువ.

ఆ పనికి నాకంటే తగినవాడు లేడని నా నమ్మకం. మాది కరీంనగర్‌లో బట్టల దుకాణం. బాపు గల్లా దగ్గర కూర్చునేవాడు, నేను తానులు విప్పి చుడుతూ పెరిగాను. చీర అంచు పట్టుకున్న తీరు చూసి కొంటారో లేదో చెప్పేవాణ్ణి. బేరం కుదరక వెళ్లిపోయే మనిషిని ఎన్నో మెట్టు మీద వెనక్కి పిలవాలో మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఊరికే ఎవరైనా ఏదైనా ఇస్తున్నారంటే ముందు సరుకును, తర్వాత మనిషిని అనుమానించాలని కూడా అక్కడే నేర్చుకున్నాను. ఆ విద్యతోనే యూనియన్ల దగ్గర, మేనేజర్ల దగ్గర నెగ్గుకొచ్చాను. అదే విద్య ఒక మనిషిని చావు దాకా తీసుకెళ్లిన సంగతి ఇది.

ముందు లైటు రూము గురించి చెప్పాలి. గనిలోకి దిగే ప్రతి మనిషీ మొదట అక్కడికి వెళ్తాడు. టోపీకి తగిలించే లైటు, దాని బ్యాటరీ ఉన్న నడుం బెల్టు అక్కడే చార్జింగ్‌లో ఉంటాయి. మా గనిలో ఒక్కొక్కరికి ఒకే నంబరుతో రెండు ఇత్తడి బిళ్లలుండేవి. లైటు ఇచ్చేటప్పుడు ఒక బిళ్లను కొక్కేనికి తగిలించి రెండోదాన్ని మనిషి చేతికిస్తారు. గనిని కార్మికులు బాయి అంటారు. ఆ బాయి నోటి దగ్గర రెండో బిళ్ల చూపిస్తేనే లోపలికి పంపుతారు. లోపల ఎవరున్నారో కొక్కేలే చెబుతాయి. లైటు చెడిపోయి, బదులు లైటు లేకపోతే ఆ మనిషికి ఆ పూట పైన ఏదో ఒక పని చెబుతారు. మస్టరు, అంటే హాజరు, పోదు.

మొదటి షిఫ్టులో ఆ గది ఓదెలు చేతిలో ఉండేది. ఇంకో ఏడాదిన్నరలో దిగిపోవలసిన మనిషి. మాట తక్కువ. ఆయన ఫైలులో రెండు మెమోలున్నాయి. రెండూ లైట్ల నిర్వహణ బాగాలేదనే.

కార్తీకం వచ్చేసరికి మాకు ఒక ఉత్తరం వచ్చింది. మద్యం, మత్తు అలవాట్ల నుంచి మనుషుల్ని బయటికి తెచ్చినవారిని, మనసు చెదిరినవారికి అండగా నిలిచినవారిని కరీంనగర్‌లో సన్మానిస్తారట. ప్రతి సంస్థా ఒక పేరు పంపాలి. మా కాలనీలో ఏ సభ జరిగినా తాగుడు మీద గంటసేపు మాట్లాడే ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన పేరు రాసి, వచ్చే సభలో ప్రసంగం పావుగంటకు కుదించుకునేలా ఒప్పందం కూడా చేసుకున్నాను.

ఆ వారమే భద్రతా తనిఖీ ఉందంటే రిజిస్టర్లు సర్దుతూ లైటు రూము పుస్తకం తెరిచాను. మిగతా నెలల్లో లైటు చెడినట్టు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే, కార్తీకంలో పేజీ నిండిపోయింది. ఆ పేర్లు చూశాను. దాదాపు అందరూ మాల వేసుకుని దీక్షలో ఉన్నవాళ్లే. బీరువాలో బదులు లైట్లు బుద్ధిగా వరుసలో ఉన్నాయి. దుకాణపు బుర్ర చకచకా పనిచేసింది. ఉపవాసాల రోజుల్లో బాయి దిగలేక స్వాములు పైపని కోరుకుంటున్నారు, ఓదెలు దాన్ని అమ్ముకుంటున్నాడు! దొంగను పట్టానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మొదటి షిఫ్టు వేళకు లైటు రూము కిటికీ పక్కన నిలబడ్డాను. వరుసలో రాజేశం వచ్చాడు. గని పైకప్పుకు దుంగలు నిలబెట్టే సపోర్ట్‌మన్. నల్లబట్టలు, మెడలో మాల. గేటు దగ్గర నోటితో ఊదే యంత్రం పరీక్ష అయిపోయింది, సున్నా చూపించింది.

ఓదెలు అతన్ని ఒకసారి చూసి, "సామీ, నీ లైటు చార్జి ఎక్కలే. జర కూసో" అన్నాడు.

నేను చెయ్యి చాచి ఆ లైటు తీసుకుని మీట నొక్కాను. ఎదుటి గోడ మీద వెలుగు పళ్లెమంత పడింది.

"గిదేంది ఓదెలూ? గింత మంచిగ వెలుగుతుంటె చార్జి ఎక్కలేదంటవు?"

వరుసలో నవ్వులు లేచాయి. "ఓదెలు కాకకు కండ్లు మసకలైనయ్ సార్. గా లైటు ఆయనకే కట్టున్రి" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఓదెలు కిటికీలోంచి వంగి, నాకు మాత్రమే వినబడేలా, "సార్, గీ ఒక్కపూట నా మాట ఇనున్రి" అన్నాడు.

"ఇనేదేముంది? లైటియ్యి."

ఇచ్చాడు. రాజేశం బెల్టు పెట్టుకోబోతే కొక్కెం పడలేదు. రెండుసార్లు జారింది. అది నేను చూశాను. నా ముందు కంగారుపడుతున్నాడనుకున్నాను. వెనకవాడెవరో కట్టిపెట్టాడు. రాజేశం బాయి వైపు వెళ్లిపోయాడు.

నేను లోపలికి వెళ్లి రిజిస్టరు తెరిచి విచారణ మొదలుపెట్టాను. ఓదెలు నా వైపు చూడనే లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "సార్, తర్వాత తిట్టున్రి" అని తలుపు తీసుకుని వెళ్లాడు. మొదట నడిచాడు, తర్వాత పరుగెత్తాడు.

రాజేశం బాయి నోటిదాకా వెళ్లి, చేతిలో బిళ్ల లేదని వెనక్కి పంపితే తిరిగొస్తున్నాడు. ఆవరణ మధ్యలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. ఫిట్స్. నేను చేరేసరికి ఓదెలు అతన్ని పక్కకు తిప్పి, బెల్టు విప్పి, టోపీ తీసేసి, తల కింద తన కండువా పెట్టాడు. ఎవరో తాళంచెవులు చేతిలో పెట్టబోతే, "ఇనుము వద్దు, నీళ్లొద్దు. జరుగున్రి, గాలి ఆడనియ్యిన్రి" అని గట్టిగా అరిచాడు. మాట తక్కువ మనిషి గొంతులో అంత బలముందని అప్పుడే తెలిసింది.

ఆయన ఎడమ పిడికిట్లో రాజేశం నంబరు బిళ్ల ఉంది.

"బిళ్ల ఇచ్చుడు మరిచినవా?" అని అడిగాను. ఇంకా అర్థం కాలేదు నాకు.

"మరువలే సార్" అన్నాడు.

డిస్పెన్సరీలో డాక్టరు చెప్పిన సంగతి ఇది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే శరీరం తట్టుకోదు. చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి రెండో రోజో మూడో రోజో ఫిట్స్ వస్తాయి. రాజేశం మాల వేసుకుని అది మూడో రోజు. మందులిస్తే దీక్షకు భంగం లేకుండానే గండం దాటుతుందని కూడా చెప్పాడు. ఇంకో పది నిమిషాలైతే అతను భూమి లోపల, నెత్తి మీద దుంగ ఎత్తి పట్టుకుని ఉండేవాడు. అలా పంపింది నేను.

బయట బల్ల మీద కూర్చున్నాను. ఓదెలు నా చేతులు చూశాడు. "కూసోన్రి సార్, లేవకున్రి. మీ లైటు గూడ చార్జి ఎక్కలే" అని చక్కెర ఎక్కువేసిన టీ తెచ్చిచ్చాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నిలవలేదు.

అప్పుడు అడిగితే చెప్పాడు. "ఊదుడు మిషిను తాగినోణ్ణి పడ్తది సార్. ఇడిశిపెట్టినోణ్ణి పట్టది. నేను చేతులు సూస్త." ఎవరి బెల్టు వాళ్లే తన ముందు కట్టుకోవాలంటాడు. వేళ్లు వణికితే లైటు చెడిందని రాసి, వెనక బల్ల మీద కూర్చోబెట్టి, షిఫ్టు అయ్యాక తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. సాయంత్రం ఇంటికి పోయి చూసొస్తాడు. మూడు రోజులు అంతే. "దేవుడు కాపాడుతడు సార్, కాదంటలేను. కని గా మూడు దినాలు మనం గూడ ఆయనకు జర ఆసరుండాలె గద."

పదకొండేళ్లుగా చేస్తున్నాడు. అంతకుముందు ఆయనా సపోర్ట్‌మనే. మాల వేసుకున్న మూడో రోజు లోపల ఫిట్స్ వచ్చి పడిపోతే, పట్టుకోబోయిన జోడీ మనిషి కాలు పోయింది. తర్వాత ఓదెలును లోపలి పనికి పనికిరాడని లైటు రూములో వేశారు. ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పి ఊరుకున్నాడు.

మిగతా నెలల్లో, మాల వేసుకోనివాళ్లను కూడా ఆపినట్టు రిజిస్టరులో ఉంది కదా అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి చెప్పాడు. "బాయిలకు దిగేటోడు లైటు ఒక్కపారన్న నొక్కి సూసుకుంటడు సార్. సూసుకోకుంటె, వానికి తిరిగొచ్చుడు మీద మనసు లేదన్నట్టు. గసోంటోణ్ణి నేను పంప."

ముప్ఫై ఏళ్లుగా మనుషుల్ని చదవడం నా వృత్తి అనుకుంటున్నాను. ఆ మాట విన్నాక నా చదువు చీర అంచు దగ్గరే ఆగిపోయిందని తెలిసింది. ఈ పదకొండేళ్లూ కార్మికులు ఆయన్ను చెడ్డ లైట్ల ఓదెలని వెక్కిరించారు, పైవాళ్లు రెండు మెమోలిచ్చారు. ఆయన ఒక్కరికీ సంజాయిషీ చెప్పలేదు.

పెద్దమనిషి పేరు రాసిన ఫారం చింపేసి, కొత్త ఫారం తీసుకుని లైటు రూముకు వెళ్లాను. ఓదెలు ఒప్పుకోలేదు. "నా పేరు మైకుల చదివినంక, లైటు చెడిందంటె ఎవడు నమ్ముతడు సార్? కూసున్నోణ్ణల్ల తాగుబోతంటరు. రేపట్నుంచి చేతులు దాసుకుంటరు, లైటు కోసం దోస్తును పంపుతరు. శాలువ నాకొస్తది, శవం ఇంకోనింటికి పోతది." పైగా పదకొండేళ్ల తప్పుడు రాతలున్నాయి. బయటపడితే చివరి ఏడాదిలో ఉద్యోగమే పోతుంది.

నేను మెట్టు మీద నిలబడ్డ కొనుగోలుదారును పిలిచినట్టు పిలిచాను. అబద్ధం రాయనవసరం లేని పద్ధతి తెస్తే వస్తావా అన్నాను. చాలాసేపు చేతులు తుడుచుకుని, వస్తానన్నాడు. ఆయన షరతులు ఇవి. అధికారితో సహా అందరూ కిటికీ ముందు తమ బెల్టు తామే కట్టుకుని, లైటు వెలిగించి చూపించాలి. అనుమానమున్న మనిషి డాక్టరు దగ్గరికి పోవాలి. డాక్టరు చీటీ ఇస్తే ఐదు రోజులు పైపని, మస్టరు పోకూడదు, చార్జిషీటు ఉండకూడదు, కారణం ఏ పుస్తకంలోనూ రాయకూడదు.

మేనేజరు కోస్తా వైపు మనిషి, న్యాయంగా ఉండేవాడు, అందుకే కష్టం. "సంక్షేమం పేరుతో మస్టర్ల దుకాణం తెరిచారా? తాగి మానేసినవాడికి తేలికపని ఇస్తే, అసలు తాగనివాడు ఏం పాపం చేశాడండీ?" అన్నాడు.

"తాగనివాడు దుంగకు ఆ కొసన ఉంటాడు సార్. ఈ కొసన ఉండేది ఇతనే" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవరణలో రాజేశం పడిపోవడం ఆయనా చూశాడు. పాత రిజిస్టరు ఊసు నేను ఎత్తలేదు. విప్పకూడని తాను ఏదో తెలియకపోతే బట్టల దుకాణంలో పెరిగి ఏం లాభం? ఒక్కరోజన్నాడు, ఐదన్నాను, రెండన్నాడు, లేచి తలుపు దాకా నడిచాను. మూడు దగ్గర బేరం తెగింది. యూనియన్లు సంతకాలు పెట్టాయి. ఉత్తర్వు వచ్చిన రోజు మొదట బెల్టు కట్టుకుని చూపించింది మేనేజరే. కొక్కెం రెండోసారికి పడింది. వరుసలో ఒక్కరూ నవ్వలేదు.

మూడే ఇప్పించగలిగానని ఓదెలుకు చెబుతూ కొంచెం సిగ్గుపడ్డాను. ఆయన మొదటిసారి నవ్వాడు.

"నాకు గావాల్సింది మూడే సార్. మూడని అడిగితె ఒకటే తెత్తరని ఐదన్న. మొన్న అంగట్ల మీరు వంకాయలు బేరం జేసుడు సూసిన."

సన్మానానికి ఇద్దరం బస్సులో కరీంనగర్ వెళ్లాం. ఫారంలో గని లైట్ల నిర్వహణ ద్వారా కార్మికుల ప్రాణరక్షణ అని రాశాను. ప్రతి అక్షరం నిజం. వేదిక మీద శాలువ కప్పుతున్నప్పుడు ఓదెలు కప్పేవాళ్లను చూడలేదు, మైకును చూడలేదు. కిందున్న ఫోటోగ్రాఫరునే చూస్తున్నాడు. జ్ఞాపిక అందుకుని దిగినవాడు తన కుర్చీకి రాలేదు. వెతికితే హాలు వెనక టీ బండి దగ్గర బల్ల మీద దొరికాడు. పక్కన ఆ ఫోటోగ్రాఫరు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. శాలువ అతని భుజాల మీద ఉంది.

"మూడో దినమట సార్" అన్నాడు ఓదెలు.

ఆ మధ్యాహ్నం అతన్ని ఆసుపత్రిలో చేర్పించి, ఇంటివాళ్లు వచ్చేదాకా ఉండి, ఆఖరి బస్సుకు తిరిగొచ్చాం. సన్మానం ఫోటోలు తర్వాత నా ఫోనుకు వచ్చాయి. ఒక్కటీ కుదురుగా లేదు, అన్నీ కదిలిపోయాయి. ఓదెలుకు చూపిస్తే, "మంచిగున్నయ్ సార్, మొఖం కానొస్తలేదు" అన్నాడు.

మిగిలిన సర్వీసులో అటువంటి ఉత్తరాలు ఇంకొన్ని వచ్చాయి. పేరు రాసే ముందు ఆ మనిషిని ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: నీ పేరు బయటపడితే నీ పని ఆగుతుందా? ఆగుతుందంటే ముందు ఆ పనికి రక్షణ ఏర్పాటు చేసి, తర్వాతే ఫారం నింపాను. నేను నేర్చుకున్నది అది ఒకటి. రెండోది, వరుసలో నిలబడ్డ మనిషిని ఏదైనా అడిగే ముందు అతని చేతులు చూడాలి.