మొండయ్య ఫీల్ కాలేదు

ఇంగ్లీషులో ఫీల్ అంటే వేడి, చలి, సంతోషం, దుఃఖం ఏదైనా కావచ్చునట. పెద్దపల్లి పక్కనున్న మా ఊళ్లో దానికి ఒకటే అర్థం: చుట్టాల వల్ల మనసు నొచ్చుకోవడం. సంతోషంతో ఫీలయినవాడు మా ఊళ్లో ఇంతవరకు లేడు.

ఈ విషయంలో సిద్దిరాములును మించినవాడూ లేడు. ఎవరింట్లో పెండ్లయినా, చుట్టాలకు బట్టలు పెట్టే ముందు ఆయన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు.

"గాయనకు ఒట్టి తువ్వాల పెడితె ఫీలైతడు. గామెకంటె ముంగట ఆమె తోడికోడలికి పెట్టకున్రి, ఫీలైతది."

ఆయన మాట విన్న పెండ్లిలో విస్తరి ముందు నుంచి ఒక్కరూ లేచిపోలేదు.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, ఆరేళ్ల కింద సొంత కొడుకు పెండ్లి కార్డులో తమ్ముడు మొండయ్య పేరు వేయించడం మరిచాడు. మేనత్తల మనుమల పేర్లు కూడా ఉన్నాయి.

"నేనేం ఫీల్ కాలే," అన్నాడు మొండయ్య. ఆ తర్వాత అన్నతో మాట్లాడలేదు.

ఫీలయినానని అరిచినవాడు పప్పు వడ్డించేలోగా దిగొస్తాడు, ఫీల్ కాలేదన్నవాడితోనే కష్టం. ఊరికి ఈ సంగతి చెప్పింది కూడా సిద్దిరాములే.

ఇప్పుడు ఆయన బిడ్డ పెండ్లి కుదిరింది. "చిన్నాయిన రాకుంటె నేను పీటల మీద కూసోను," అంది నవత. అన్నంత పనీ చేసే పిల్ల.

మా దిక్కు బొట్టు పెట్టి చెబితేనే పిలిచినట్టు. సిద్దిరాములు మాత్రం కుంకుమ లేకుండా, ఒక్క కార్డు పట్టుకొని తమ్ముడి గడప తొక్కాడు. తమ్ముడి తలలో తెల్లవెంట్రుకలు చూసేసరికి ఏడుపొచ్చింది.

మొండయ్య కార్డును వెలుతురుకు పెట్టి చదివాడు. ఆహ్వానించువారు అన్నచోట ఒకటే పేరుంది. అది తనది. మళ్లీ మొదటినుంచి చదివాడు.

"నీ పేరేదే అన్నా?"

"నాది లేదురా."

"పిల్ల తండ్రివి నువ్వు. మర్షిపోయిన్రా?"

"లే. నేనే వద్దన్న."

"మరి ఫీల్ కావా?"

"అయితున్న. ఆరేండ్లసంది అయితనే ఉన్న," అన్నాడు సిద్దిరాములు. ఆ మాట ఆయన తన గురించి అనడం అదే మొదటిసారి. "పిలిచేటోనివి నువ్వే గదరా. జర నన్ను గూడ పెండ్లికి పిలువు."

మొండయ్య కార్డును జేబులో పెట్టుకున్నాడు. తర్వాత భార్యకు వినబడేలా ఇంట్లోకి కేక వేశాడు.

"యాదవ్వా, కుంకుమ తే. అన్నకు బొట్టు పెట్టి చెప్పాలె."