కూపన్లమ్మ పెట్టిన డ్రమ్ము ఫొటో

ఆ కర్మాగారంలో పనిచేసే ఆరువందల మందిలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. భోజనాల హాలు గుమ్మంలో చిన్న బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళ దగ్గర కూపన్లు తీసుకోవడం పదకొండేళ్ళుగా ఆమె పని. అందుకని అందరికీ కూపన్లమ్మ. నిజానికి క్యాంటీన్ మొత్తం ఆమె చేతిమీదే నడిచేది. సరుకులు తూచి దించుకోవడం, వంటవాళ్ళ సెలవులు, గ్యాసు బండలు, ఎలుకల బోనులు, అన్నీ ఆమె నెత్తినే. ఎవరైనా గొంతు పెంచితే తను ఇంకాస్త పెంచేది. అంతకుమించి ఆమెకు దురలవాట్లు లేవు.

గొడవ మొదలైంది ట్రాలీ అతను రావడం మానేసినప్పుడు. పళ్ళాల్లో మిగిలిన అన్నం, కూర ఒక నీలం డ్రమ్ములో వేసేవారు. రోజూ మధ్యాహ్నం అతనొచ్చి దాన్ని ఎరువు చెయ్యడానికి పట్టుకుపోయేవాడు. ఒకరోజు డ్రమ్ములో కర్ర పెట్టి కలియదిప్పి చూసి, కర్ర అక్కడే పారేశాడు.

"ఇందులో ప్లాస్టిక్ చెంచాలున్నాయమ్మా. చేతులు తుడుచుకున్న కాగితాలున్నాయి. నిన్నయితే చెవుల్లో పెట్టుకుని పాటలు వినేది దొరికింది. నేనేం ఎరువు చెయ్యను దీంతో? ఏరి ఇవ్వండి, వస్తా. లేకపోతే నన్ను వదిలెయ్యండి."

అతను వెళ్ళిపోయాడు. డ్రమ్ము ఉండిపోయింది. సాయంత్రం చెత్తబండి వచ్చేదాకా వెనక పెరట్లో ఈగలు ముసిరి, కంపు కొట్టి, హాల్లో కూర్చోలేని పరిస్థితి. చెత్తబండి దాన్ని తీసుకెళ్ళి ఊరి చివర గుట్టమీద పోసేది. పోయిన వేసవిలో ఆ గుట్ట అంటుకుని తొమ్మిది రోజులు పొగలు కక్కింది. కూపన్లమ్మ ఇల్లు అటువైపే. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త ఆ తొమ్మిది రోజులూ తలుపులు బిగించుకుని దగ్గుతూ కూర్చున్నాడు. ఈసారి అంటుకుంటే ఆ మంటలో తమ డ్రమ్ము పాలెంతో అనుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ముందు గోడమీద కాగితం అంటించింది, అన్నం పారేయవద్దని. ఎవరూ తలెత్తి చూడలేదు. మైకులో చెప్పింది. మైకు గరగరలాడుతోందని ఫిర్యాదు వచ్చింది. చివరికి బియ్యం బస్తాలు తూచే కాటామీద డ్రమ్మును పెట్టించి, ఫోనుతో ఫొటో తీసి, ఉద్యోగులందరూ ఉన్న గ్రూపులో పెట్టింది. కింద ఇలా రాసింది: "ఈరోజు నలభై ఒక్క కిలోలు. వండింది మిగిలిపోయి కాదు. మీరు పెట్టించుకుని పారేసింది."

నిమిషంలో నూటపన్నెండు దండాలు వచ్చాయి. చేతులు జోడించిన బొమ్మలు. ఒకాయన గులాబీ పువ్వు పెట్టాడు. ప్యాకింగు విభాగం నుంచి ఒకామె, "కూరలో ఉప్పు ఎక్కువైంది, అందుకే పారేశారు" అంది. కాదు తక్కువైందని స్టోర్సు గుమాస్తా. అక్కణ్ణించి రాత్రి భోజనాల వేళ దాకా గ్రూపులో ఉప్పు గురించే రభస. డ్రమ్ము మాట ఎత్తినవాడు లేడు.

"నేను దేని గురించి రాశాను, వీళ్ళు దేని గురించి కొట్టుకుంటున్నారు!" అని ఇంట్లో తల బాదుకుంది.

"రేపు ఉప్పు గురించి రాయి. డ్రమ్ము గురించి మాట్లాడతారు," అన్నాడు భర్త.

ఆమె పట్టు వదల్లేదు. రోజూ రెండున్నరకి ఫొటో, కింద అంకె. ముప్పై తొమ్మిది. నలభై మూడు. నలభై ఒకటి. వారం తిరిగేసరికి దండాలు కూడా ఆగిపోయాయి.

ఆమె కూతురు ఫోన్ల దుకాణంలో పనిచేసేది. తల్లి అవస్థ చూసి జాలిపడింది.

"అమ్మా, ఎంగిలి డ్రమ్ము ఎవరు చూస్తారే? నువ్వు మాట్లాడు. నేను తీస్తా. కాస్త మ్యూజిక్ పెడదాం."

"డ్రమ్ముకి మ్యూజిక్ ఎందుకే?"

"నీకు తెలీదులే. నువ్వు కోపంగా ఉండు చాలు."

అదొక్కటీ ఆమె కష్టపడకుండా చెయ్యగలిగిన పని. ఒక సెలవురోజు కర్మాగారానికి వెళ్ళి, ఖాళీ డ్రమ్ము పక్కన నిలబడి, ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడింది. చెత్తగుట్ట గురించి, పొగ గురించి, వరి పండటానికి పట్టే నీళ్ళ గురించి, చెంచా కూడా తీయకుండా పళ్ళెం గిరాటేసే మహారాజుల గురించి. కూతురు దానికి వెనక తబలా పెట్టి, కొత్తగా పేజీ తెరిచి అందులో వదిలింది.

నాలుగు రోజుల్లో మూడు లక్షల మంది చూశారు. ఎక్కడెక్కడివాళ్ళో "అమ్మా, మీ పాదాలకు దండం" అన్నారు. అన్నం పారేసేవాళ్ళని జైల్లో పెట్టాలన్నారు. ఆ చీర ఎక్కడ కొన్నారని ఒకామె అడిగింది. కర్మాగారంలో జనం వచ్చి డ్రమ్ము పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు. ఒకతను ఎడంచేత్తో సెల్ఫీ తీసుకుంటూ, కుడిచేతిలో పళ్ళెం డ్రమ్ములోకి వంచాడు. గుమ్మంలో బల్ల దగ్గర నుంచే కూపన్లమ్మ కళ్ళారా చూసింది. ఆరోజు నలభై నాలుగు కిలోలు.

మర్నాడు పరిపాలన అధికారి పిలిపించాడు. మెత్తగా మాట్లాడే మనిషి. ఆయన మెత్తగా మాట్లాడినప్పుడల్లా ఎవరికో ఒకరికి పని పెరిగేది.

"కంపెనీ పరువు బజార్లో పెట్టారని అందామనుకున్నానమ్మా. కానీ పెద్దాయనకి వీడియో నచ్చింది. మనం పర్యావరణ వారం చేద్దాం."

"వారం ఎందుకు సార్? టిష్యూ కాగితాలకి విడిగా ఒక బుట్ట ఇప్పించండి."

"బుట్ట చూద్దాం. ముందు టోపీలు ఆర్డర్ చేశాను."

ఆరువందల ఆకుపచ్చ టోపీలు వచ్చాయి. ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ సంచిలో. హాలు గుమ్మంలో మనిషంత ఎత్తు అట్ట ఆకు నిలబెట్టారు, మధ్యలో ముఖం పెట్టి ఫొటో దిగడానికి చిల్లుతో. దానికోసం కూపన్ల బల్ల పక్కకి జరిపారు. ఆఖరిరోజు ప్రత్యేక భోజనం. రోజూ ఉండే రెండు రకాలకి బదులు ఏడు రకాలు. అన్నీ రుచి చూడాలి కదా అని అందరూ అన్నీ పెట్టించుకున్నారు. ప్రతిజ్ఞ చేశారు. చప్పట్లు కొట్టారు. టోపీలు తీసి డ్రమ్ములో పడేసి పోయారు.

డెబ్భై మూడు కిలోలు.

ఆమె ఫొటో తీసింది. కూర ఓడుతున్న ఆకుపచ్చ టోపీలతో సహా. తబలా లేదు, మాటలు లేవు, అంకె ఒక్కటే. గ్రూపులోనూ పెట్టింది, పేజీలోనూ పెట్టింది. పావుగంట తర్వాత గ్రూపు తెరవబోతే తెరుచుకోలేదు. అధికారి ఆమెను గ్రూపు నుంచి తీసేశాడు.

"పీడా పోయింది," అంది పైకి. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. పళ్ళెంలో వదిలెయ్యడానికి లేదు గనుక ఎలాగో మింగింది.

మర్నాడు కూపన్ల బల్ల దగ్గర వంటతన్ని కూర్చోబెట్టి, తను వెనకవైపు, పళ్ళాలు పడేసే చోట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. పదకొండేళ్ళలో భోజనాల వేళ ఆమె అటువైపు నిలబడటం అదే మొదలు. ఇక ఫొటోలు లేవు, ఒక్కొక్కణ్ణి పట్టుకుని కడిగెయ్యాలని నిశ్చయం. మొదట దొరికింది లేతు మిషను మీద పనిచేసే పెద్దమనిషి. పళ్ళెంలో సగం అన్నం అలాగే ఉంది.

"తినలేనప్పుడు ఎందుకు పెట్టించుకున్నావయ్యా?"

ఆయన బిత్తరపోయాడు. "రెండోసారి పెట్టరు కదమ్మా."

"ఎవరు పెట్టనంది?"

"మీరే కదా బోర్డు పెట్టారు."

ఆయన చూపించిన వైపు చూసింది. వడ్డించే కౌంటరు పైన, ఆమె చేతిరాతతోనే: వడ్డన ఒక్కసారే. నాలుగేళ్ళ కింద, ఎవరో కూపన్ లేకుండా వెనకనుంచి దూరి తింటున్నారని, చిర్రెత్తి తగిలించిన బోర్డు. ఆ తర్వాత దాని సంగతే మర్చిపోయింది.

"అరగంట బ్రేకు," అన్నాడాయన, తప్పు చేసినవాడిలా నెమ్మదిగా. "పావుగంట లైన్లోనే పోతుంది. తక్కువ పెట్టించుకుంటే మధ్యలో ఆకలేస్తుందేమోనని భయం. అందుకని నిండా పెట్టించుకుంటా. టైముకి ఎంత తినగలిగితే అంత తిని, పరిగెత్తుతా."

ఆమె పక్కకి తప్పుకుంది. ఆయన పళ్ళెం వంచి వెళ్ళిపోయాడు. తొట్టి దగ్గర గిన్నెలు కడిగే ఆమె తలెత్తకుండానే అంది:

"అందరూ అంతే అక్కా. పారేసేది అన్నమే ఎక్కువ. నేను నాలుగేళ్ళ నుంచి చూస్తున్నా."

"మరి నాకు చెప్పవేం?"

"మీరు అడిగారా? ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవారు."

కూపన్లమ్మకు ఊళ్ళోవాళ్ళమీద, అధికారిమీద, తబలామీద ఉన్న చిరాకంతా ఒక్కసారిగా తనమీదికే తిరిగింది. మూడు లక్షల మందికి నీతులు చెప్పింది. తన గోడమీద తను తగిలించిన బోర్డు చదవలేదు. స్టూలు వేసుకుని ఎక్కి, మేకుతో సహా దాన్ని పీకేసింది.

మరుసటి రోజుకి కిటికీ దగ్గర ఇంకో బల్ల వేయించింది. లైను అక్కర్లేదు, ఇంకా కావాలన్నవాళ్ళు నేరుగా అక్కడికి రావచ్చు. పెద్ద గరిటె తీసేసి చిన్నది పెట్టింది. పెద్ద వంటతను మొరాయించాడు.

"దీంతో ఆరువందల మందికి వడ్డిస్తే నా భుజం ఊడొస్తుంది."

"ఊడితే నేను వడ్డిస్తా. ఇటివ్వు."

వారం రోజులు ఆమే వడ్డించింది. గరిటె చిక్కిపోయిందని వెటకారాలు, కూపన్లమ్మ పిసినారి అయిందని గుసగుసలు. కిటికీ దగ్గర బల్ల ఉందని అర్థమయ్యాక అవి తగ్గాయి. అధికారిని అడగకుండా పాత నూనె డబ్బా కోయించి, టిష్యూలకి, చెంచాలకి విడిగా పెట్టించింది. దానికి కాపలా గిన్నెలామె. ఆవిడ నోరు కూపన్లమ్మ నోటికంటే పెద్దదని అప్పుడే తెలిసింది. డ్రమ్ము ముప్పైకి దిగింది, తర్వాత ఇరవై నాలుగు, తర్వాత పంతొమ్మిది. ట్రాలీ అతన్ని పిలిపించారు. కర్రతో కలియదిప్పి, "ఫర్వాలేదు" అని ఒక్క మాట అనేసి, ఎత్తుకుపోయాడు.

పంతొమ్మిది ఫొటో పేజీలో పెట్టింది. బోర్డు సంగతి, గరిటె సంగతి, తన పొరపాటుతో సహా మొత్తం రాసింది. చూసినవాళ్ళు రెండొందల మంది. "అమ్మా, ఆ కోపం ఏదీ? కోపంగా ఒకటి చెయ్యండి" అని ఒక కామెంటు.

"తగ్గిందంటే ఎవరూ చూడరమ్మా," అంది కూతురు, తనే తప్పు చేసినట్టు.

ఆ వారమే కంపెనీ పేజీలో అట్ట ఆకు పక్కన అధికారి నవ్వుతున్న ఫొటో వచ్చింది. పర్యావరణ వారం ఫలితంగా ఆహార వృథా సగానికి పైగా తగ్గిందట. రెండువేల లైకులు. కూపన్లమ్మ ఫోను మంచం మీదికి విసిరి, పక్కగదిలోకి వెళ్ళి, ఉతికిన బట్టలు అవసరమైన దానికంటే గట్టిగా దులుపుతూ మడతపెట్టింది.

రెండు రోజుల తర్వాత ఆ రెండొందల మందిలో ఒకావిడ పేజీలో నంబరు చూసి ఫోన్ చేసింది. ఎక్కడో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుందట.

"మీ గరిటె ఎంతుంటుందో ఫొటో పెడతారా అండీ? మా దగ్గర కూడా చాలా పారేస్తున్నారు. ఈకాలం పిల్లలకి అన్నం విలువ తెలీదు."

"గరిటె సంగతి తర్వాత. మీ పిల్లలు లైన్లో ఎంతసేపు నిలబడతారు?"

"ఎప్పుడూ చూడలేదండీ. నేను వంటగదిలో ఉంటాను కదా."

"రేపు బయటికొచ్చి చూడండి. చూసి చెప్పండి. తిట్టకండి ముందే."

మర్నాడు సరిగ్గా ఒంటిగంటకి, హాలు కిటకిటలాడుతున్న వేళ, కిటికీ బల్ల దగ్గర గరిటె చేతిలో ఉండగా ఫోను మోగింది. "ఇప్పుడా చేసేది!" అని విసుక్కుంది. ఎదురుగా పళ్ళెం పట్టుకున్నవాణ్ణి ఆగమని సైగ చేసి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"ఇరవై రెండు నిమిషాలండీ," అంది ఆ గొంతు, చిన్నబోయి. "పాపం, నిలబడే ఉన్నారు."

"సరే," అంది కూపన్లమ్మ. "ఇంకో బల్ల ఉందా మీ దగ్గర?"