తంతి మింగేసిన మాట

మా అత్తవారి ఊళ్ళో ఇంగ్లీషు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. మా నాన్న బరంపురంలో బడిపంతులు. పెళ్ళికి ముందే నాకు రెండో రీడరు దాకా నేర్పాడు. ఆ గొప్ప నాకు బాగానే ఉండేది. ఎవరైనా పేరు రాసిమ్మంటే, అడక్కపోయినా కింద ఇంగ్లీషులో కూడా రాసిచ్చేదాన్ని.

ఏడో నెలలో నన్ను పురిటికి తీసుకెళ్ళడానికి నాన్న సోమవారం రావాలి. రెండు రోజుల ముందు పూండి స్టేషను నుంచి పోర్టరు తంతి, అదే టెలిగ్రాం, తెచ్చాడు. ఆ రోజుల్లో తంతి అంటే చావు కబురే. పక్కింటివాళ్ళు అప్పుడే గుమ్మంలోకి వచ్చేశారు. నేను పైకి చదివాను: "కెనాట్ కమ్ మండే బ్రదర్ విల్."

నాన్న సోమవారం రాలేడు, సరే. బ్రదర్ అంటే అన్నయ్య. మరి విల్? టెక్కలి కోర్టు చుట్టూ తిరిగే మా మామగారి నోట రోజూ వినే మాటే. వీలునామా! అన్నయ్య వీలునామా రాశాడంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. నాకున్నది ఒక్కడే అన్న. అక్కడే కూలబడి, ఒక్కో మాటకీ అర్థం చెబుతూ గొల్లుమన్నాను.

చీపురు కోసం కొబ్బరి ఈనెలు తీస్తున్న అత్త, కత్తి పక్కన పెట్టి వచ్చింది. ఆవిడకి అక్షరమ్ముక్క రాదు.

"ఏడుపాపి సెప్పు. సచ్చిపోనాడన్న మాటుందేటి అందులో?"

"లేదు."

"ఆ 'ఇల్' అన్నావే, దానికింకో అర్థం లేదేటి?"

"జరగబోయేదానికీ విల్ అంటారత్తా. కానీ వెనక ఇంకో మాట ఉండాలి. విల్ కమ్ అంటే వస్తాడని. ఇక్కడ కమ్ లేదు."

"రాలేనని మీ నాన్న ముందే అన్నాడు కదే, మల్లీ వత్తాడన్న మాటెందుకు? తిన్నావేటంటే నువ్వు తిన్నానంటావు గానీ, 'నేను తిన్నాను' అంటావేటి? మనం ముందు మాట మింగుతాం. ఆల్లు ఎనక మాట మింగుతారు కామాల."

ముక్కు చీదుకుని మళ్ళీ చదివాను. నేను రాలేను, అన్నయ్య వస్తాడు. అంతే. సంతోషం ఒక పక్క, సిగ్గు ఒక పక్క. పక్కింటివాళ్ళు కాస్త నిరాశగానే వెళ్ళిపోయారు.

సోమవారం అన్నయ్య నిక్షేపంగా బండి దిగాడు. "బతికే ఉన్నావేటి బాబూ?" అని అత్త అడిగితే, అర్థంకాక నా మొహం చూశాడు.

మర్నాడు నేను బండి ఎక్కుతుంటే అత్త నా చెయ్యి వదల్లేదు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు బిడ్డను కంటూ పురిట్లోనే పోయింది.

"బిడ్డనెత్తుకొని వత్తావేటే?" అంది.

నేనూ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "విల్," అన్నాను.

అత్త కళ్ళు తుడుచుకుని నవ్వింది. "మింగిన మాట నాకు తెలుసులే. ఎల్లిరా."