వేలికొసతో రాగిని చదివిన మేష్ట్రు

వేంకటరమణప్ప గారు ఇక లేరు. ఈ దుర్వార్త గురువారం ఉదయం మా నాణేల సేకర్తల ఫోన్ గ్రూపులో తెలిసింది. పైన ఎవరో అమ్మకానికి పెట్టిన నాణెం ఫొటో, కింద మరొకరు పెట్టిన ఇంకో నాణెం ఫొటో, నడుమ ఆయన మరణం. నాలుగైదు జోడించిన చేతుల బొమ్మలు వచ్చాయో లేదో, "పై నాణెం గ్రేడ్ ఎంత?" అని ఒక మహానుభావుడు అడిగేశాడు. ఛీ, ఏం మనుషులమయ్యా మనం! ముందురోజు సాయంత్రమే ఆయన ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని వచ్చినవాణ్ణి. అయినా నా మనసు నమ్మనని మొరాయించింది.

ఆయన రసాయనశాస్త్ర అధ్యాపకులు. పూర్వీకులు ఏనాడో హిందూపురం వైపు నుంచి వచ్చి యలహంక పాతవూరిలో స్థిరపడ్డారు. కన్నడిగులూ తెలుగువాళ్ళూ అందరం ఆయన్ని కన్నడ పద్ధతిలో మేష్ట్రు, అంటే మాస్టారు, అనే పిలిచేవాళ్ళం. ప్రతి ఆదివారం వారి మేడమీద గదిలో సేకర్తల సమావేశం జరిగేది. బంగారు వరహాలు తెచ్చి చూపించినా ఆయన ముఖంలో చలనం ఉండేది కాదు. ఆయన ఆరాధన అంతా విజయనగర కాలపు, మైసూరు కాలపు రాగి కాసులకే.

"బంగారానికేముండాదప్పా, పెట్టెలో పడుకోనుంటాది. రాగి సంతలో తిరిగింది, ముసలమ్మ కొంగుముడిలో ఉండింది. కథంతా దాని ఒంటిమీదే ఉండాది" అనేవారు.

ఆయన బోధనాపద్ధతి అపూర్వం. కొత్తవాడు రాగానే సబ్బుతో చేతులు కడిగించి, పొడి తువ్వాలుతో తుడిపించి, కళ్ళు మూయించి అరచేతిలో ఒక కాసు పెట్టేవారు. "కండ్లు రంగు చూసి మురిసిపోతాయి. ముందు వేలిని చెప్పనీ" అనేవారు. మొదటిసారి నేను ఎంత తడిమినా "గుండ్రంగా ఉంది మేష్ట్రూ" అని తప్ప మరేమీ చెప్పలేకపోయాను. "ఆహా, శానా గొప్ప సంగతి కనిపెట్టినావప్పా!" అని ఇంట్లోవాళ్ళకు వినపడేలా నవ్వారు. పోత పోసిన నకిలీ నాణేన్ని బొటనవేలితో ఒక్కసారి నిమిరి పక్కన పెట్టేసేవారు. ఎలా తెలిసిందంటే, "జారుతాండాది కదప్పా" అనేవారు. నాకు ఏదీ జారినట్టు అనిపించేది కాదు.

ఒక ఆదివారం ఒకాయన మైసూరు ఏనుగు కాసును చింతపండుతో తోమి, పూజ చెంబులా తళతళలాడించి తెచ్చాడు. మెచ్చుకుంటారని పాపం ఆయన ఆశ. మేష్ట్రు దాన్ని చేతిలోకి తీసుకుని రెండువైపులా బొటనవేలితో నిమిరారు. "తోలు వలిచినావు కదప్పా దీనికి" అన్నారు చివరికి. రాగిమీద కాలం పరిచిన ఆ ముదురు పొరే దాని ప్రాణమని ఆయన సిద్ధాంతం. కాసును నూనెలో నానబెట్టి, మెత్తని కుంచెతో చిలుమును మాత్రమే వదిలించేవారు. ఒక్కో కాసుకు నెలలు పట్టేది. అయినా విసుగెరుగరు.

అటువంటి గదిలోకి గ్రేడింగ్ వచ్చింది. నాణేన్ని కంపెనీకి పంపితే వాళ్ళు పరీక్షించి, ఒక నంబరు వేసి, తెరవడానికి వీల్లేని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పంపిస్తారు. దాన్ని మొదట తెచ్చినవాడు సుధాకర్. హూడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విజయవాడ కుర్రాడు, మాలో అందరికంటే చురుకైనవాడు. ఆ రోజు జరిగిన వాదం నాకింకా చెవుల్లో ఉంది.

"దీన్ని తాకేదెట్లప్పా?" అన్నారు మేష్ట్రు డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ.

"తాకకూడదనే సార్ బాక్స్. మీ బొటనవేలు యలహంకలో ఉంది, నేను కొనే కాయిన్ ఆన్‌లైన్‌లో ఉంది. ఫేకో ఒరిజినలో నాకెవరు చెప్తారు?"

"నేర్చుకో. నేర్పిస్తా ఉండా కదా."

"ఎంతమందికి నేర్పిస్తారు సార్?"

  కొందరు సుధాకర్ పక్షం, కొందరు మేష్ట్రు పక్షం చేరి, కాఫీ చల్లారిపోయేదాకా కీచులాడుకున్నాం. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఇదే గొడవ.

దాన్ని తేల్చేయాలని ఆయన ఒక పని చేశారు. రసాయనశాస్త్రం చెప్పినవారు కదా, పరీక్షతో నిరూపిస్తే లోకం ఒప్పుకుంటుందని వెర్రి నమ్మకం. తన కాసుల్లో ఒకదాన్ని కంపెనీకి పంపారు. మంచి నంబరుతో తిరిగొచ్చింది. కటింగ్ ప్లేయర్‌తో ఆ డబ్బా పగలగొట్టి, అదే కాసును మళ్ళీ అదే కంపెనీకి పంపారు. ఈసారి నంబరే ఇవ్వలేదు. "శుభ్రం చేసినది" అని, అంటే ఎవరో తోమి పాడుచేశారని, వాళ్ళు చీటీ వేసి పంపారు. జీవితమంతా చింతపండుతో పోరాడిన మనిషికి ఆ మాట! అయినా లోలోపల సంతోషించారు, సాక్ష్యం దొరికిందని. రెండు చీటీలూ బల్లమీద పక్కపక్కన పెట్టి, "ఇప్పుడేమంటారప్పా?" అన్నారు విజయగర్వంతో.

అందరం ముందుకు వంగి చీటీలు చదివాం. అప్పుడు సుధాకర్, ఎగతాళికి కాదు, ఎంతో ఆలోచించి, "అయితే మూడోసారి పంపి చూద్దాం సార్. ఇంకా పెద్ద నంబర్ రావచ్చు" అన్నాడు. అందరూ అవునవునన్నారు. మేష్ట్రు పక్షం వాళ్ళు కూడా! ఆయన చీటీలు రెండూ తీసి జేబులో పెట్టుకున్నారు. ఆ తరువాత గ్రేడింగ్ గురించి ఒక్క మాట కూడా అనలేదు.

మధుమేహం వల్ల చూపు తగ్గుతున్నప్పుడు ఆయన తన కాసుల్ని ఒక్కొక్కటిగా మాకు పంచడం మొదలుపెట్టారు. షరతు ఒక్కటే: డబ్బాలో బిగించకూడదు, పదిమంది చేతుల్లో తిరగాలి. అన్నిటికంటే ప్రాణప్రదమైనది తొలి విజయనగర కాలపు ఆంజనేయుడి కాసు. దాన్ని సుధాకర్‌కిచ్చారు. నాకు ఒళ్ళు మండింది.

"వాడికా మేష్ట్రూ?" అన్నాను.

"వాదించేవానికి దానిమీద ప్రేమ ఉండాది. నీ మాదిరి తలూపేవాడు రేపు మర్సిపోతాడు" అన్నారు.  సుధాకర్ ఆయన పాదాలు ముట్టుకుని మాట ఇచ్చాడు.

చూపు పూర్తిగా పోయింది. ఆయన దిగులుపడలేదు. వేళ్ళున్నాయి కదా అన్నారు. కానీ అప్పటికి ఆదివారాలు వచ్చేది ఒకరిద్దరే, వాళ్ళు తెచ్చేవన్నీ డబ్బాలే. ఆయన చేతికిస్తే ఏం ప్రయోజనం? మర్యాదకు పట్టుకుని, "బాగుండాదప్పా" అని తిరిగిచ్చేసేవారు. క్రమంగా ఆ ఒకరిద్దరూ మానేశారు. ఆయన భార్య సుభద్రమ్మ గారు మాత్రం ఆదివారం వస్తే కాఫీకి పాలు ఎక్కువ పోయించుకుంటూనే ఉన్నారు.

బుధవారం ఆసుపత్రిలో సుభద్రమ్మ గారు నన్ను పక్కకు పిలిచి, "ఆంజనేయసామి కాసు ఒకతూరి పట్టుకోవల్లంట. ఆ పిల్లోనికి ఫోన్ చెయ్యి నాయనా" అన్నారు. సుధాకర్ హూడి నుంచి ట్రాఫిక్‌లో పడి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఎందుకో నాకర్థం కాలేదు. దగ్గరికొచ్చి మేష్ట్రు చేతిలో పెట్టాక అర్థమైంది. ఆంజనేయుడు డబ్బాలో ఉన్నాడు.

బొటనవేలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వెళ్ళింది. మూల తగిలి ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఏళ్ళ తరబడి నునుపుకూ గరుకుకూ తేడా చెప్పిన ఆ వేలికి నున్నటి ప్లాస్టిక్ తప్ప మరేదీ అందలేదు.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారు సార్... సేఫ్‌గా ఉంటుందని..." సుధాకర్ వెక్కివెక్కి ఏడ్చాడు. "ఇప్పుడే పగలగొట్టేస్తాను సార్. కింద షాపులో కటింగ్ ప్లేయర్ అడుగుతాను."

మేష్ట్రు తల అడ్డంగా ఊపారు. "నంబరు బాగ వచ్చిందా అప్పా?"

"వచ్చింది సార్."

"అట్లయితే ఉండనీ. పగలగొడితే మళ్ళా అంత నంబరు రాదు."

డబ్బాను సుధాకర్ చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నారు. తెల్లవారకముందే కన్నుమూశారు.

ఆయన స్థానం భర్తీ అవుతుందని మాటవరసకైనా నేను రాయను. ఆయన విద్య ఆయనతోనే కాటికి పోయింది. ఇక ఆ గది తలుపు తెరుచుకోదు, తెరవమని అడిగేవారూ లేరు. ఆ మహనీయుడు తన వాదంలో ఓడిపోయి వెళ్ళారు. ఓడించినవాళ్ళమంతా ఆయన చేతిమీదుగా మొదటి కాసు పట్టుకున్నవాళ్ళమే. మేష్ట్రూ, మీ పాదాలకు నమస్కారం.