బాపు చీర కట్టిన పొద్దు

మా అమ్మ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ పాలివ్వని బర్రె ఒకటి నా చిన్నప్పుడు మా కొట్టంలో ఉండేది. రామన్నపేట నుంచి చిట్యాలకు పోయే దారిలో, సడక్‌కు కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. ప్రతి ఇంట్లో బర్రెలో, మేకలో, గొర్రెలో ఉండేవి. మా బర్రె పాలు చిక్కగా ఇచ్చేది, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ అమ్మ లేకపోతే ఒక్క చుక్క రాల్చేది కాదు. పుట్టింటికి పోవాలన్నా, పెండ్లికి పోవాలన్నా అమ్మ పొద్దుటి పాలు పిండి పోయి, మాపటి పాలకల్లా తిరిగి రావాల్సిందే. "నాకు అత్తలు ఇద్దరు. ఒక అత్త ఇంట్లుంటది, ఒక అత్త కొట్టంల ఉంటది" అని నవ్వేది.

అట్లాంటి అమ్మకు ఒకనాడు చేలో కలుపు తీస్తుండగా కడుపులో నొప్పి లేచింది. గెట్టు మీదే ముడుచుకుని పడిపోయింది. మా మేనమామ, బాపు తల్లి మా అవ్వ కలిసి ఆమెను బండిలో సడక్ దాకా తీసుకుపోయి, అక్కడ బస్సెక్కించి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. బాపు కూడా పోదామనే అనుకున్నాడు. కానీ అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న మా తమ్ముణ్ని, నన్ను, కొట్టంలోని పశువులను ఎవరి మీద వదిలిపోతాడు? "ఫికర్ జెయ్యకు బావా, ఏ సంగతైనా కబురంపుత" అని మామ బండెక్కాడు. బాపు ఆ బండి వెనకాలే ఊరు దాటేదాకా నడిచి, తిరిగి వచ్చాడు.

ఆ మాపటి నుంచే మా తిప్పలు మొదలయ్యాయి.

బాపు చెంబు పట్టుకుని బర్రె పక్కన కూర్చున్నాడు. పొదుగు మీద చెయ్యి వేశాడో లేదో అది కాలు ఝాడించింది. చెంబు గోడకు తగిలి సొట్టపోయింది. బాపు దాని వెనక కాళ్లకు తాడు కట్టాడు. ఈసారి అది తన్నలేదు కానీ పాలూ ఇవ్వలేదు. పాలన్నీ పైకి బిగబట్టుకుని, తలకాయ అటు తిప్పుకుని, మాకేమీ పట్టనట్టు నెమరు వేసుకుంటూ నిలబడింది. దాని పిల్ల దుడ్డెను విడిస్తే కొంచెం చేపేది, పాలు దింపేది. దుడ్డె మూతి నుంచి నురగ కారేది. "ఆ, చేపింది, చేపింది! దుడ్డెను గుంజు" అని బాపు అరిచేవాడు. నేను దుడ్డె మెడలోని పలుపు పట్టుకుని గుంజేదాన్ని. అది నా కంటే బలమైనది, నన్నే ఈడ్చుకుపోయేది. నేను ఎట్లనో దాన్ని పక్కకు తెచ్చేసరికి బర్రె మళ్లీ బిగబట్టేది.

"దుడ్డెను పట్టుకోవుడు గూడ రాదానే నీకు?" అని బాపు నా మీద కసిరేవాడు.

మరునాడూ అంతే. ఆ పై నాడూ అంతే. ఆముదం రాసి చూశాం. పచ్చి జొన్నచొప్ప ముందు వేసి చూశాం. తౌడులో బెల్లం కలిపి పెడితే తిన్నంతసేపు తిని, ఖాళీ గంప మీద కాలు వేసి తొక్కింది. బాపుకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరచేత్తో దాని డొక్క మీద ఒక్కటి చరిచాడు. దానికేమీ కాలేదు, బాపు చెయ్యే మండి విదిలించుకున్నాడు. అది చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్లీ తిట్లు తిన్నాను.

కొట్టంలో ఒక గోల అయితే ఇంట్లో ఇంకో గోల. పొయ్యి రాజుకునేది కాదు. బాపు కాల్చిన రొట్టె ఒకవైపు మాడి, ఇంకోవైపు పచ్చిగా ఉండేది. తమ్ముడు తలుపు పట్టుకుని నిలబడి అమ్మా అమ్మా అని ఏడ్చేవాడు. మా పక్కింటి అక్క వాళ్ల మేక పాలు ఒక చిన్న గిన్నెలో తెచ్చి ఇచ్చేది. అవి వాడికి సయించేవి కావు, సగం కక్కేసేవాడు. ఇంత పెద్ద బర్రెను కట్టేసుకుని పక్కింటి మేక పాలకు చెయ్యి చాపడం బాపుకు గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. ఇంతలో బర్రె పొదుగు రాయిలా గట్టిపడటం మొదలైంది. ముట్టుకుంటే వేడి. ఇట్లనే ఉంటే వాపొచ్చి చన్నులు పాడవుతాయని, ఇక ఆ బర్రె పాలకు పనికిరాదని పక్కింటి అక్క చెప్పింది. ఆమె కూడా ఒకసారి పిండబోయి మోకాలి మీద తన్ను తిన్నది.

వీటన్నిటి మధ్యా నల్లగొండ నుంచి కబురు లేదు. సడక్ మీద బస్సు చప్పుడైతే చాలు, బాపు చేతిలో పని అట్లనే వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. ఎవరూ రాకపోతే లోపలికి వచ్చి నా మీద అరిచేవాడు. నీళ్లెందుకు తేలేదని, తమ్ముణ్ని ఎందుకు ఏడిపిస్తున్నవని, జడ ఎందుకు వేసుకోలేదని. నా జడ నేనెప్పుడు వేసుకున్నాను? అమ్మే కదా వేసేది! నాకు కూడా కోపం పొంగుకొచ్చేది. అమ్మ దవాఖానకు పోవడం నా తప్పా, బర్రె పాలివ్వకపోవడం నా తప్పా అని అడగాలనిపించేది. బాపుకు నేనంటే గిట్టదని, అమ్మ రాకపోతే ఈ మనిషితో ఎట్లా బతకాలని గంజి గోలెం వెనక దాక్కుని ఏడ్చిన రోజులవి.

ఒక పొద్దున పక్కింటి అక్క మేక పాల గిన్నెతో వచ్చి, బాపు అవస్థ చూసి, నవ్వు ఆపుకుంటూ అంది.

"కాకా, నేనొక మాట చెప్త, కోపానికి రావొద్దు. చిన్నమ్మ చీర కట్టుకో. గా బర్రె వాసన పట్టే మనిషిని గుర్తు వడ్తది. మా అవ్వగారింటికాడ మా అన్న గట్లనే పిండుతడు."

బాపు మొహం ఎర్రబడింది. "నీకు నవ్వులాటగుందా? నడువ్ ఈడికెళ్లి" అని కసిరాడు. అక్క గిన్నె అరుగు మీద పెట్టి పోయింది.

బాపు వద్దన్నా నాకు ఆ మాట పట్టుకుంది. లోపలికి పోయి దండెం మీద ఉన్న అమ్మ చీర తీసుకున్నాను. నొప్పి లేచిన నాటి పొద్దున పాలు పిండి, చేలోకి పోయే ముందు విప్పి వేసిన నీలం నేత చీర అది. నాకు తోచినట్టు చుట్టుకుని, కొంగు నెత్తి మీద కప్పుకుని కొట్టంలోకి పోయాను. నన్ను చూసి బర్రె చెవులు నిలబెట్టింది. అన్ని రోజుల్లో మొదటిసారి ముక్కు చాపి, చీరను వాసన చూసి, సన్నగా అరిచింది. నా గుండె ఎగిరింది. చెంబు మోకాళ్ల నడుమ పెట్టుకుని చన్ను పట్టుకున్నాను. అది తన్నలేదు. కదలలేదు. కానీ నా పిడికిలి చిన్నది. ఎంత గుంజినా ఏమీ రాలేదు. రెండు చేతులతో పట్టి గుంజాను. వేళ్లు నొప్పి పుట్టి, కండ్లలో నీళ్లు తిరిగి, లేవబోయి చీర కుచ్చిళ్లలో కాలు పడి పేడలో బోర్లా పడ్డాను.

తల ఎత్తితే గుంజ పక్కన బాపు.

ఇక దెబ్బలే అనుకున్నాను. బాపు నన్ను రెండు రెక్కలు పట్టి లేపి, ఆ చీర విప్పి, పేడ అంటిన చోట తన చేత్తో తుడిచాడు. కాసేపు దాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పంచె మీదనే చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆయనకూ చేతకాలేదు. "పో, పక్కింటి అక్కను పిలువు" అన్నాడు నేల చూపులు చూస్తూ.

అక్క వచ్చి చీర సరిగ్గా కట్టింది. కొంగు తల మీద నుంచి తెచ్చి మీసాలు కనపడకుండా కప్పింది. ఇంతలో ఈ వింత చూడటానికి వాడకట్టు పిల్లలంతా పిట్టగోడ ఎక్కి నవ్వడం మొదలుపెట్టారు. కొంగు కింద బాపు చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అయినా చెంబు తీసుకుని కూర్చున్నాడు. బర్రె చీరను వాసన చూసి ఊరుకుంది. తన్నలేదు. కానీ పాలు మాత్రం దిగలేదు.

"ఇంకేం గావాలె దీనికి?" అని బాపు పండ్లు కొరికాడు.

నేను దుడ్డె పలుపు పట్టుకుని భయం భయంగా అన్నాను. "అమ్మ ముచ్చట పెడ్తది బాపూ దాంతోని."

"ఏం ముచ్చట?"

"అన్ని చెప్తది. ఇంట్ల ఏమైతే అది. నువ్వు తిట్టినా చెప్తది."

బాపు నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత బర్రె వైపు తిరిగి, "ఏమే... తిన్నవానే?" అన్నాడు బొంగురు గొంతుతో. గోడ మీది పిల్లలు విరగబడి నవ్వారు. అక్క చీపురు కట్ట తీసుకుని వాళ్లను తరిమి, వాళ్ల వెంబడే తనూ వెళ్లిపోయింది. కొట్టంలో మేమిద్దరమే మిగిలాం. బాపు నుదురు బర్రె డొక్కకు ఆనించి, నేనక్కడ ఉన్న సంగతే మరిచినట్టు మొదలుపెట్టాడు.

"కబురే లేకపాయె. వస్తదో రాదో తెల్వకపాయె. బస్సు సప్పుడైతే నా పానం గుంజుతాంది. పిలగాడు అమ్మ అమ్మ అని ఏడుస్తుండు, వానికేం జెప్పాలె? పిల్లను ఊకె కసురుతున్న. దానికేమెరుక, పసిది. నాకు భయమైతాంది. ఎవలకు జెప్పుకోవాలె? నీకన్న జెప్పుకుంట. జర ఇయ్యే తల్లీ..."

చెంబు అడుగున సర్రుమని చప్పుడైంది. ముందు సన్నగా, తర్వాత ధారగా. బాపు మాట ఆపలేదు. అమ్మ పెండ్లయి వచ్చిన కొత్తలో ఈ బర్రె తల్లిని తోలుకొచ్చిన సంగతి, మొన్న చేలో అమ్మ పడిపోయినప్పుడు తన కాళ్లు ఆడని సంగతి, అన్నీ మెల్లగా చెప్తూ పోయాడు. నేను దుడ్డె మెడ పట్టుకుని వింటూ నిలబడ్డాను. ఇన్ని రోజులు నా మీద పడిన అరుపులన్నీ వేరే ఎక్కడికో పోవాల్సినవని ఆ వయసులో నాకు మాటల్లో తెలియదు. కానీ నా కోపం కరిగిపోవడం మాత్రం తెలిసింది.

చెంబు సగానికి పైగా నిండింది. బాపు లేచి, నా మొహం చూడకుండానే చెంబు అందించి, "కాచి తమ్మునికి తాపు, మెల్లగ" అన్నాడు. ఆ 'మెల్లగ' అన్న మాట అమ్మ దవాఖానకు పోయిన తర్వాత ఆ ఇంట్లో విన్న మొదటి మెత్తని మాట.

ఆ మాపటికి బాపు మళ్లీ చీర కట్టుకుని పాలు పిండుతుండగా మామ వచ్చాడు. కొట్టం ముందర నిలబడి నోరు తెరిచాడు. తర్వాత తేరుకుని, ఆపరేషన్ మంచిగైందని, అమ్మ లేచి గంజి తాగుతున్నదని, నాలుగు దినాల్లో పంపిస్తారని చెప్పాడు. బాపు సంతోషపడతాడనుకున్నాను. ఆయన చీరతోనే లేచి నిలబడి, "గిప్పుడారా వచ్చేది? గిన్ని దినాలు ఏం జేసినవ్‌రా?" అని ఊరంతా వినపడేటట్టు అరిచాడు. ఆ అరుపుకు బర్రె బెదిరి చెంబు తన్నేసింది. పాలన్నీ పేడలో కలిసిపోయాయి. బాపు ఆ పాల వంక చూసి, మామ వంక చూసి, కొంగుతో మొహం కప్పుకుని అక్కడే గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

అమ్మ ఇంటికి వచ్చింది కానీ కొన్నాళ్లు వంగకూడదన్నారు. అందుకని పాల పని బాపుదే అయింది. అమ్మ కొట్టం పక్కనే మంచం వేయించుకుని పడుకునేది. బాపు బర్రెతో చెప్పే మాటలన్నీ ఆమెకు వినపడేవి. ఆ సంగతి బాపుకూ తెలుసు. అయినా చెప్పేవాడు. ఒక్కోసారి అమ్మ మంచం మీద నుంచి "ఊఁ" కొట్టేది.

తర్వాత బాపు కోపం తగ్గిందంటే అబద్ధమవుతుంది. పోయేదాకా ఆయన నోరు పెద్దదే. నాకు మాత్రం ఆ నోటికి భయం పోయింది.

ఇప్పుడు నేనే అవ్వనయ్యాను. పోయిన ఎండాకాలం మా బోరు ఆగిపోయి బత్తాయి తోట ఎండుతుంటే మా కొడుకు ఇంట్లో అందరి మీదా విరుచుకుపడుతుండేవాడు. కూర ఉప్పయిందని కోడలి మీద, ఫోను చూస్తున్నారని పిల్లల మీద. కోడలు ఏడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నేను వాణ్ని అడగలేదు, అనలేదు. మధ్యాహ్నం పల్లికాయల చాట ముందు పెట్టుకుని కూర్చుని, "జర వలువు బిడ్డా, నా వేళ్లు గుంజుతున్నయి" అన్నాను. విసుక్కుంటూనే కూర్చున్నాడు. విసురుగా ఒక్కో కాయా పగలగొట్టసాగాడు. నేను వాడి మొహం చూడకుండా నా పని నేను చేసుకుంటున్నాను.

"అమ్మా," అన్నాడు చివరికి, "చెట్లు ఎండుతుంటె తోట దిక్కు పోబుద్ధి అయితలేదే."

నేను తల ఎత్తలేదు. "ఊఁ" అన్నాను.